ఆదాయం 11: హెలాగ్స్ కొండల్లో నక్కకూనల లెక్క

మొదటి రోజు

స్టాక్‌హోంలో ఎక్కిన రాత్రి రైలు మర్నాడు పొద్దున ఎనాఫోర్స్ అనే చిన్న స్టేషన్లో దింపేదాకా నాకు సరిగా నిద్ర పట్టలేదు. జూలై నెల కావడంతో కిటికీ బయట ఎంతసేపు చూసినా పూర్తిగా చీకటి పడనే లేదు. కాకినాడలో ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పాను. జనాభా చక్రాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఎలుకల్లాంటి లెమ్మింగులకు ఒక గీత, వాటిని తిని బతికే ఆర్కిటిక్ నక్కలకు దాని వెనకే ఇంకో గీత, అలల్లాగా గీసి చూపించేదాన్ని. ఆ గీతల్లోని జంతువుల్లో ఒక్కదాన్నీ కళ్ళతో చూసిన పాపాన పోలేదు. స్టాక్‌హోంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, "అమ్మా, నువ్వు గీసిన గీతలు నిజంగా ఉన్నాయో లేదో ఈసారి చూసొద్దాం" అని టిక్కెట్లు కొనేశాడు.

రైల్లో సగం మంది వీపుసంచుల మీద ముడుచుకుని పడుకున్న నక్క బొమ్మ ఉంది. ఆ సంచులు చేసే కంపెనీ పేరు ఫ్యెల్‌రేవెన్. స్వీడిష్ భాషలో దానర్థం ఆర్కిటిక్ నక్కే. బొమ్మలు ఇన్ని కనిపిస్తున్నాయి గానీ, 2000 ప్రాంతంలో స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ మూడింటినీ కలిపి వెతికినా ఎదిగిన ఆర్కిటిక్ నక్కలు వంద కూడా లేవు. ఉన్ని కోసం వేటాడి వేటాడి ఆ స్థితికి తెచ్చారు. స్వీడన్ 1928లో, నార్వే 1930లో, ఫిన్లాండ్ 1940లో వేట మాన్పించాయి. మాన్పించిన తర్వాత కూడా సంఖ్య పెరగలేదు. పెద్దవి చావడం తగ్గినా పిల్లలు బతకకపోవడం వల్ల ఆ జాతి అక్కడే ఆగిపోయింది. నేను చూడాలనుకున్నది ఆ పిల్లల సంగతే.

ఎనాఫోర్స్ నుంచి బస్సులో స్టూరుల్వోన్ అనే కొండ విడిదికి చేరాము. అక్కడ మా గైడును, తోటి యాత్రికులు నలుగురిని కలుసుకున్నాము. గైడు ఈ యెమ్ట్‌లాండ్ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన మనిషి. అనేక వేసవులు నక్కల బొరియల దగ్గర పిల్లలను లెక్కపెట్టే పని చేసిందట.

రెండో రోజు

స్టూరుల్వోన్ నుంచి సీలార్నా విడిది 16 కిలోమీటర్లు. మొదటి గంటలో పొట్టి బర్చ్ చెట్లు ఉంటాయి. తర్వాత చెట్టన్నది కనపడదు. నాచు, రాళ్ళు, వాగులు, చలికాలపు దారి చూపే ఎర్ర గుర్తుల కొయ్యలు, అంతే.

చెట్లు అయిపోయిన కాసేపటికే నా బూటు పక్కన ఏదో కీచుమంది. చూస్తే అరచేతిలో పట్టేంత జంతువు, నలుపూ పసుపూ గోధుమరంగూ కలిసిన ఒళ్ళు, తోక ఉందా లేదా అన్నట్టున్న తోక. పారిపోలేదు. గడ్డి దుబ్బుకు వీపు ఆనించి, పళ్ళు బయటపెట్టి, నన్ను తిట్టింది. తిట్టిందనే అనాలి, అంతకన్నా సరైన మాట దొరకలేదు. ఎలుక జాతిలో పుట్టి ఏనుగులాంటి పౌరుషం ఉన్న ఈ జీవే లెమ్మింగు. సాయంత్రం లోపల అలాంటివి పద్నాలుగు చూశాను. మా అబ్బాయి ఫోన్లో ఫోటోలు తీస్తూ వెనకబడ్డాడు. గైడు మాత్రం ఆగి ప్రతి వాగు ఒడ్డునా వాటి రెట్టలు, కొరికిన గడ్డి ఎంతెంత ఉన్నాయో చూసుకుంటూ నడిచింది.

లెమ్మింగులు మూకుమ్మడిగా సముద్రంలో దూకి చస్తాయన్న కథ అబద్ధం. అవి చేసేది మంచు కింద పిల్లల్ని కనడం. దట్టంగా, మెత్తగా మంచు పరుచుకున్న చలికాలాల్లో నేలకూ మంచుకూ మధ్య ఉండే వెచ్చటి ఖాళీలో అవి గడ్డి తింటూ, మూడు వారాలకొక ఈత చొప్పున పెరుగుతాయి. చలికాలం మధ్యలో వాన పడి మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి నేలను పెంకులా కప్పేస్తే ఆ ఖాళీ పోతుంది, గడ్డి అందదు, లెమ్మింగులు పోతాయి. మామూలుగా మూడు నాలుగేళ్ళకోసారి వాటి సంఖ్య విపరీతంగా పెరిగి కూలిపోతుంది. 1980ల నుంచి చాలా ఏళ్ళపాటు ఈ కొండల్లో ఆ పెరుగుదలే సరిగా రాలేదు. నక్కలు ఇంచుమించు అంతరించే దశకు రావడానికి వేట తర్వాత అంతటి కారణం అదే.

మన పంచాంగంలో ప్రభవ నుంచి అక్షయ దాకా ఏళ్ళకు అరవై పేర్లున్నాయి. ఈ కొండల్లో నాలుగు చాలు: పెరిగే ఏడు, నిండిన ఏడు, కూలిన ఏడు, లేని ఏడు. లేని ఏడులో చాలా నక్కలు అసలు ఈననే ఈనవు. కాబట్టి ఇక్కడ పుట్టిన ప్రతి కూనకూ మొదటి జాతకం పుట్టిన ఏడాదే. నడుస్తున్నది ఏ ఏడని గైడును అడిగాను. పోయినేడు లెమ్మింగులు కొద్దిగానే ఉన్నాయనీ, ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయనీ, ఇది పెరిగే ఏడో నిండిన ఏడో వచ్చే వసంతానికి గానీ తేలదనీ చెప్పింది. ఆ తేడా ఎంతటిదో ఆ క్షణాన నాకు పూర్తిగా తట్టలేదు.

మూడో రోజు

సీలార్నా నుంచి హెలాగ్స్‌కు మరో 19 కిలోమీటర్లు. మడమ మీద బొబ్బ లేచింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

మధ్యాహ్నం దూరంగా ఒక ఇసుక మెట్ట చూపించారు. చుట్టూ నేలంతా బూడిద రంగులో ఉంటే ఆ మెట్ట ఒక్కటే పచ్చగా, పూలతో, ఎవరో ఎరువు వేసి పెంచిన మడిలా ఉంది. నిజంగా ఎరువే. తరతరాలుగా నక్కలు అక్కడ కాపురముండి, తిని, విసర్జించి, చచ్చి మట్టిని సారవంతం చేశాయి. ఒక్కో మెట్టలో పదుల కొద్దీ ద్వారాలుంటాయి. వందల ఏళ్ళుగా వాడుతున్న బొరియలున్నాయి. మన గుంటనక్కకు దూరపు చుట్టం ఇక్కడ ఊరంత గుంట తవ్వుకుంది.

అయితే ఆ బొరియలో ఆర్కిటిక్ నక్కలు లేవు. కొన్నేళ్ళ క్రితం ఎర్ర నక్క ఒకటి వచ్చి చేరిందట. ఎర్ర నక్క బరువులో దీనికి దాదాపు రెట్టింపు. వాతావరణం వెచ్చబడి, లోయల్లో మనుషుల చెత్త, వేట మిగుళ్ళు దొరకడం మొదలయ్యాక అది కొండ ఎక్కుతోంది. వచ్చిన చోట మంచి బొరియలు ఆక్రమిస్తుంది, కూనలు దొరికితే చంపుతుంది. అది దగ్గర్లో తిరుగుతోందంటే చాలు, ఆర్కిటిక్ నక్క ఎంత మంచి బొరియనైనా వదిలేసి ఇంకా పైకి, తిండి తక్కువగా ఉండే చోటికి పోతుంది. అందుకే ఈ ప్రాంతంలో ఎర్ర నక్కలను వేటగాళ్ళ చేత కాల్పిస్తున్నారు. ఒక నక్కను బతికించడానికి ఇంకో నక్కను చంపడం మా అబ్బాయికి నచ్చలేదు. నాకూ పూర్తిగా నచ్చలేదు గానీ, రెండో దానికి యూరప్ అంతా చోటుంది, మొదటి దానికి ఈ నాలుగు కొండలే ఉన్నాయి.

నాలుగో రోజు

హెలాగ్స్ శిఖరం ఎత్తు దాదాపు 1,800 మీటర్లు. దాని ఒడిలో స్వీడన్‌లో అన్నిటికంటే దక్షిణాన ఉన్న హిమానీనదం ఉంది. విడిది నుంచి రెండు గంటలు నడిచి, ఒక బండరాళ్ళ వరస వెనక కూర్చున్నాము. బొరియ అక్కడికి 300 మీటర్లకు పైగా దూరంలో ఉంది. అంతకన్నా దగ్గరికి పోకూడదన్నది నియమం. మనిషి వాసన తగిలితే తల్లి మేత తేవడం ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యం పడేది కూనల కడుపు మీదే.

టెలిస్కోపు నా వంతు వచ్చేసరికి మెట్ట ఖాళీగా ఉంది. పది నిమిషాలు చూశాను. తర్వాత ఒక ద్వారంలో నుంచి రెండు చెవులు, మరో ద్వారంలో నుంచి ఒక మూతి, అలా చూస్తుండగానే మెట్ట అంతటా గోధుమ బూడిద రంగు ఉండలు దొర్లసాగాయి. ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది. ఆడుతూ లోపలికి దూరి ఇంకో ద్వారంలో నుంచి వచ్చే వాటిని లెక్కపెట్టడం, బడి వదిలిన వేళ గేటు దగ్గర పిల్లల్ని లెక్కపెట్టడం లాంటిదే. మూడుసార్లు లెక్కేసి, అందరమూ ఒక అంకె మీద ఒప్పుకున్నాము: 11.

అప్పుడే తండ్రి వచ్చాడు. వేసవి కోటులో, పైన గోధుమ, కింద తెలుపు, మన ఇంటి పిల్లికన్నా కాస్త పెద్ద ఒళ్ళు. నోటి నిండా ఏదో పట్టుకుని పరుగెత్తుతుంటే దవడకు రెండు వైపులా అది వేలాడుతోంది. అద్దం సర్దుకుని చూస్తే అయిదో ఆరో లెమ్మింగులు, ఒకదాని మీద ఒకటి. మెట్ట అంచుకు చేరి వాటిని పడేశాడో లేదో, పదకొండు కూనలూ మీద పడ్డాయి. దక్కించుకున్నది ప్రతిదీ మిగిలిన వాటికి వీపు తిప్పి, ఒళ్ళు విల్లులా వంచి, లెమ్మింగును కడుపు కింద దాచుకుని గుర్రుమంటూ మింగింది. అర నిమిషంలో ఏమీ మిగల్లేదు. అందరికన్నా చిన్నది ఒకటి, వెనక కాళ్ళ మీద మట్టి అంటి ఉంది, ఆ గుంపు చుట్టూ రెండుసార్లు తిరిగి, నేలను నాకి, పక్కకు వెళ్ళి కూర్చుంది. తండ్రి అప్పటికే మళ్ళీ కొండ దిగుతున్నాడు. ఇన్ని కూనలున్న ఇంటికి రోజుకు డజన్ల కొద్దీ లెమ్మింగులు కావాలి. అమ్మానాన్నలిద్దరూ అలా తిరుగుతూనే ఉంటారు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో జత కట్టి, 52 రోజులు మోసి, తల్లి నేల కింద కళ్ళు తెరవని కూనలను కంటుంది. పుట్టినప్పుడు ఒక్కోటి కోడిగుడ్డంత బరువు. స్వీడన్‌లో ఒక ఈతకు సగటున ఆరు. మంచి ఏడాదిలో పది దాటడం మామూలే, పదహారు దాకా కూడా చూశారు. మాంసాహారి జంతువుల్లో ఇంత పెద్ద ఈతలు అరుదు. అదే జాతి నక్క ఐస్‌లాండ్‌లో నాలుగు మాత్రమే కంటుంది. అక్కడ లెమ్మింగులు లేవు, సముద్రం ఒడ్డున పక్షులు, కళేబరాలు ఏటేటా ఇంచుమించు ఒకేలా దొరుకుతాయి. నాలుగు కంటే చాలు. ఇక్కడ రేపటి తిండి ఎంతో తల్లికి తెలిసే వీలు లేదు. తిండి పుష్కలంగా ఉంటే పదకొండూ బతకవచ్చు, లేకపోతే ఆరు కన్నా ఆరూ పోవచ్చు. కాబట్టి కన్నన్ని కంటుంది. చావు లెక్క ఆ పుట్టుకలోనే కలిసి ఉంది. పాఠంలో ఇది నేను ఎన్నోసార్లు చెప్పాను గానీ, చెప్పినప్పుడు ఆ పదకొండో దాని వెనక కాళ్ళకు మట్టి అంటి ఉండేది కాదు.

అయిదో రోజు

పొద్దున్నే వెళ్ళి లెక్క వేస్తే పది. చిన్నది కనిపించలేదు. లోపల నిద్రపోతుందేమో అనుకుని మధ్యాహ్నం దాకా చూశాము. తల్లి ఒకసారి వచ్చి, ఒక ద్వారం దగ్గర మూతి పెట్టి, కాసేపు అలాగే నిలబడి వెళ్ళిపోయింది. దానికి నేను ఏ అర్థమూ చెప్పను. పాలు మానే రోజుల్లో, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఇలా చిన్నవి ముందుగా పోవడం ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. అంతవరకు తల్లి ఒంట్లోంచి వచ్చిన భోజనం ఇప్పుడు పరుగు పందెంలో గెలుచుకోవాలి.

ఈ కూనలకు ముందు వారమే చెవులు కుట్టారు. మన ఇళ్ళలో చెవులు కుట్టించినట్టే, పరిశోధకులు వచ్చి ఒక్కో కూననూ ఒక్కో నిమిషం పట్టి, రెండు చెవులకూ రంగు పోగులు పెట్టి వదులుతారు. ఏ రంగు ఏ చెవికి ఉందన్నదే దాని పేరు. నేను నోటుపుస్తకంలో కనిపించినన్ని రాసుకున్నాను: ఎరుపు-తెలుపు, మెట్ట దిగి అందరికన్నా దూరం పోయేవాడు, ధైర్యవంతుడు. నీలం-నీలం, తండ్రికి ఎదురెళ్ళి నోట్లోంచే లాక్కునేది. పసుపు-ఆకుపచ్చ, సోమరి, ద్వారం దాటి రాడు.

మూడు గంటల వేళ తల్లి ఎక్కడి నుంచో మొరిగింది. కుక్క మొరుగుడు కాదు, బొంగురు గొంతుతో తెగి తెగి వచ్చే అరుపు. తొమ్మిది కూనలు కంటిరెప్ప పాటులో నేలలోకి ఇంకిపోయాయి. ఎరుపు-తెలుపు మాత్రం మెట్టకు యాభై అడుగుల దూరంలో ఏదో ఈకతో ఆడుతున్నాడు. తల ఎత్తాడు. శిఖరం వైపు నుంచి రెక్క కదపకుండా జారుతూ వచ్చిన నీడ అతన్ని తాకి, ఆగకుండా లోయలోకి సాగిపోయింది. చప్పుడు లేదు. గోల్డెన్ ఈగిల్, స్వీడన్ వాళ్ళు దీన్ని కుంగ్స్‌ఎర్న్, రాజగద్ద అంటారు. తల్లి దాని కింద కొండవాలు అంతా మొరుగుతూ పరుగెత్తి, చివరకు ఆగి, తిరిగి వచ్చింది. మా గుంపులో ఒకామె ఏడ్చింది. గైడు గడియారం చూసి వేళ రాసుకుంది.

అనుభవం ఉన్న తల్లి కూనలు ఎక్కువగా బతుకుతాయని ఇక్కడి పరిశోధనలో తేలింది. ఈమెకు ఇది మొదటి ఈత అట.

ఆరో రోజు

రోజంతా వాన. విడిదిలో పొయ్యి దగ్గర కూర్చుని గైడు చేత లెక్కలు చెప్పించుకున్నాము. నాకు ఉగాది నాటి పంచాంగ శ్రవణం గుర్తొచ్చింది: ఆదాయం 11, వ్యయం అప్పటికి 2.

వ్యయం ముందుందని గైడు చెప్పింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కూనలు బొరియ వదిలి తమ తిండి తామే వెతుక్కోవాలి, ఆ తర్వాత మొదటి చలికాలం. చలి వీటిని చంపదు. -40 డిగ్రీలను కూడా ఆ ఉన్ని ఆపుతుంది. చంపేది ఆకలి. నడుస్తున్నది పెరిగే ఏడైతే మంచు కింద లెమ్మింగులు ఇంకా పెరుగుతాయి, ఈ తొమ్మిదిలో కొన్ని వచ్చే వసంతం చూస్తాయి. ఇది నిండిన ఏడైతే, ఇన్ని కొండల్లో ఇన్ని వందల కూనలు పుట్టి, అవి పెద్దవయ్యే సరికి లెమ్మింగులు కూలిపోయి, చాలావరకు ఒక్క చలికాలంలోనే తుడిచిపెట్టుకుపోతాయి. ఎక్కువ కూనలు పుట్టిన ఏడే ఎక్కువ కూనలకు చెడ్డ ఏడు కావచ్చన్నమాట. బోర్డు మీద నేను గీసిన రెండో గీత మొదటి గీత వెనక ఎందుకు నడుస్తుందో, ఆ వెనకబాటులో ఏముందో, ఉద్యోగం చేసిన రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే ఇంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

ఆకలి విషయంలో మనుషులు చేయగలిగింది చేస్తున్నారు. బొరియల దగ్గర పీపాల్లో కుక్కల ఎండు మేత పెడతారు. దాని గొట్టపు ద్వారం ఆర్కిటిక్ నక్క దూరేంత, ఎర్ర నక్క పట్టనంత. 1990ల మొదట్లోనే స్వీడన్‌లో బొరియల దగ్గర మేత పెట్టి చూసి, ఆ వేసవి కూనల చావులు తగ్గాయని నిరూపించారు.

ఇంకో శత్రువు కంటికి కనపడదు. 2010 దాకా హెలాగ్స్ నక్కలన్నీ ఇంచుమించు అయిదు నక్కల సంతానమే. అయిదింటి నుంచి పెరిగిన గుంపులో ఎవరిని చేసుకున్నా దగ్గరి చుట్టమే అవుతుంది. మేనరికాలు ఎరిగిన మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. రక్తసంబంధం దగ్గరైన కొద్దీ కూనలు మొదటి ఏడాదిలో చచ్చిపోవడం ఎక్కువైందని స్టాక్‌హోం విశ్వవిద్యాలయం వాళ్ళు జన్యు పరీక్షలతో లెక్కగట్టారు. ఇంతలో 2010లో సరిహద్దు దాటి మూడు మగ నక్కలు వచ్చాయి. నార్వేలో కంచెల మధ్య పెంచి కొండల్లో వదిలినవి అవి, ఎవరూ తోలకుండానే నడిచొచ్చాయి. వాటికి ఇక్కడి ఆడ నక్కలతో పుట్టిన మొదటి తరం కూనలు మిగిలిన వాటికన్నా ఎక్కువగా బతికాయి, ఎక్కువగా పిల్లల్ని కన్నాయి; అయిదారేళ్ళలో ఆ గుంపు రెట్టింపు దాటింది. ముగ్గురు అల్లుళ్ళు ఊరిని నిలబెట్టారని మా అబ్బాయి తెలుగులో అంటే, నేను గైడుకు అనువదించి చెప్పాను. చాలాసేపు నవ్వింది.

అలా నడిచే గుణం కూడా పిల్లలదే. చోటు దొరకని కుర్ర నక్క వెతుక్కుంటూ పోతుంది, చాలావరకు ఆ దారిలోనే చచ్చిపోతుంది. నార్వే పోలార్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మెడకు జాడ తెలిపే పరికరం కట్టిన ఒక కుర్ర ఆడ నక్క 2018లో స్వాల్‌బార్డ్ దీవుల నుంచి సముద్రపు మంచు మీదుగా గ్రీన్లాండ్‌కు, అక్కడి నుంచి కెనడాలోని ఎల్స్‌మియర్ దీవికి 76 రోజుల్లో 3,506 కిలోమీటర్లు నడిచింది. ఒక్క రోజులో 155 కిలోమీటర్లు. మంచు కరిగి సముద్రం తెరుచుకుంటే ఆ దారి ఉండదు.

ఏడో రోజు, ఆ తర్వాత

వాన వెలిసింది. దిగే ముందు ఒక్క గంట బండల వెనక కూర్చోనిచ్చారు. తొమ్మిది కూనలూ ఉన్నాయి. నీలం-నీలం తల్లి దగ్గర నుంచి ఒక పక్షి రెక్క లాక్కుని పారిపోయింది. పసుపు-ఆకుపచ్చ ఎప్పటిలాగే ద్వారంలో గడ్డం ఆనించుకుని పడుకుని, మిగిలినవి వదిలేసిన ఎముక ఏదో తీరిగ్గా కొరుకుతున్నాడు. క్లెప్పెన్ దాకా 12 కిలోమీటర్ల దిగుడు, అక్కడి నుంచి యుంగ్‌దాలెన్ మీదుగా బస్సు. దారిలో లెమ్మింగులు తిడుతూనే ఉన్నాయి.

సెప్టెంబరు చివర్లో గైడు మా అబ్బాయికి సందేశం పంపింది: బొరియ ఖాళీ అయింది. ఆ నెలలో అన్ని బొరియలూ ఖాళీ అవుతాయి, బతికినవి వెళ్ళినా, చచ్చినవి చచ్చినా బయటికి ఒకేలా కనిపిస్తుంది.

మార్చిలో, నేను కాకినాడ తిరిగొచ్చాక, ఇంకో సందేశం వచ్చింది. మేత పీపా దగ్గర కట్టిన కెమెరా రాత్రి తీసిన ఫోటో. తెల్లటి మంచులో తెల్లటి నక్క, చలికాలపు ఉన్నితో ముఖం గుండ్రంగా ఉబ్బి, చూపు కెమెరా వైపు. చెవి పోగులు మాత్రం బాగా కనిపిస్తున్నాయి. ఆ మెట్ట పిల్లల్లో ఆ చలికాలం కెమెరాకు చిక్కింది ఇదొక్కటే అని రాసింది గైడు. అలమరలోంచి నోటుపుస్తకం తీసి రంగులు సరిచూశాను. ఎడమ చెవికి పసుపు, కుడి చెవికి ఆకుపచ్చ.